పదిహేడు దేవదారులు

ఇంటర్ పేపర్లు దిద్దడానికి ఈ వేసవిలో హైదరాబాద్ వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో బస్టాండులో నిలబడి ఉంటే ఒకతను వచ్చి నమస్కారం పెట్టాడు. బాన్సువాడ కాలేజీలో నా దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్నవాడు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఏదో ఆఫీసులో గుమస్తా అట. మంచీచెడూ మాట్లాడుకున్నాం. నా బస్సు కదలబోతుండగా గుర్తొచ్చినట్టు అన్నాడు.

"సార్, మీకు ఎర్కనా? పాచి తాత పోయిండు. నెల దాటింది."

ఇంకేమీ అడగకముందే బస్సు కదిలింది. నా ముఖం ఎలా ఉందో ఏమో, పక్క సీటాయన "ఎవరండీ, దగ్గరవాళ్ళా?" అన్నాడు. మా కాలేజీలో అటెండరు అంటే నిజమే. నాకు పాఠం చెప్పినాయన అన్నా నిజమే. "తెలిసినాయన" అని ఊరుకున్నాను.

కాలేజీలో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకు పాచి తాత. మాకు పెద్దాయన.

అరవై తొమ్మిది ఉద్యమం సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను బాన్సువాడ వేశారు. కాలేజీ అప్పుడే పెట్టారు. ఆంధ్రా నుంచి వచ్చినవాణ్ణి కనుక నోరు తెరవాలంటే కొంత జంకు ఉండేది. ఆ జంకును దాచుకోవడానికి అధికారం చూపించేవాణ్ణి. ఒకరోజు నాచుమొక్కలు, లైకెన్ల పాఠం చెబుతున్నాను. శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే వింత జీవి లైకెన్ అని, మంచుకొండల్లో దేవదారు అడవుల్లో చెట్లనిండా ఉంటుందని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా అదేనంటే పిల్లలు నవ్వారు. బోర్డు మీద ఒక పెద్ద చెట్టు గీసి, దాని మొదట్లో గడ్డంలా వేలాడే లైకెన్ గీశాను. నిజానికి దేవదారు చెట్టును నేనెప్పుడూ చూడలేదు.

గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. బోర్డు తుడవడానికి వచ్చిన అటెండరు బట్ట చేత్తో పట్టుకుని బొమ్మను చూస్తూ నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, ఛాతీ మీద పాత రాపిడి మచ్చలతో.

"సార్, ఓ మాట అనొచ్చునా?"

"ఏంటోయ్?"

"గడ్డం పువ్వు మొదట్ల ఏలాడది సార్. మీది కొమ్మలకు ఏలాడుతది. మొదలుకు పాచి ఉంటది. నడిమిట్ల ఆకు పువ్వు ఉంటది. మీరు మీదిది కిందికి గీసిన్రు."

నాకు కోపం వచ్చింది. "నువ్వు వెళ్ళి చూశావా?"

"జూసిన సార్. పదకొండేండ్లు ఎక్కిన."

చెప్పి, బొమ్మ మొత్తం తుడిచేశాడు.

ఆయన కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. పదేళ్ళకే నడుముకు మోకు కట్టుకుని తాటిచెట్లు ఎక్కినవాడు. మోకు అంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టే తాడు. దాని మీద వెనక్కి వాలి, కాళ్ళు తన్నిపెట్టి పైకి పాకుతారు. వయసులో ఉండగా హైదరాబాద్ వెళ్ళి ఒక తోటలో పనికి కుదిరితే, అక్కడికి వచ్చిన వృక్షశాస్త్రవేత్త ఒకాయన ఈయన చెట్టెక్కడం చూసి తన వెంట హిమాలయాలకు తీసుకుపోయాడట. ఆయన్ను మా పెద్దాయన ఎప్పుడూ 'మా దొర' అనేవాడు. ముసలి దేవదారు అడవిలో చెట్ల మీద ఏ ఎత్తున ఏ నాచు, ఏ లైకెన్ పెరుగుతుందో ఆ దొర రాసుకునేవాడు. కింద నుంచి చూస్తే తెలియదు. పైకి ఎక్కేవాడు కావాలి.

"మొదటి దినం ఏమైందనుకున్నరు సార్? మోకు సరిపోలె. గా చెట్టు గంత లావుంది. నలుగురం చేతులు కలిపితె అందలె. రెండు మోకులు ఒక్కటి జేసి ముడేసిన. దొర కిందికెల్లి మొత్తుకుంటుండు, పడతవురా అని. నేను పడలె."

పదిహేడు చెట్లు ఎంచుకుని వాటికి రేకు బిళ్ళలు కొట్టి అంకెలు వేశారు. ఏటా మంచు కరగగానే వెళ్ళి అవే చెట్లు ఎక్కేవాడు. మా పెద్దాయనకు అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. ప్రతి ఎత్తులోనూ గోటితో గీకి ఒక చిన్న ముక్క తెచ్చి కాగితంలో పొట్లం కట్టేవాడు. ఒక పొట్లం దొరకు, ఒకటి తనకు. పొట్లం మీద చెట్టు అంకె, దాని పక్కన అడ్డగీతలు. ఒక్కో గీత ఒక్కో మోకు పొడవంత ఎత్తు. ఆ దొర పోయాక ఆయన దగ్గరి పొట్లాలు ఏమయ్యాయో తెలియలేదు. ఈయన తన పొట్లాలను రేకుపెట్టెలో వేసుకుని ఊరొచ్చి మళ్ళీ తాటిచెట్లు ఎక్కాడు. కాలేజీ పెట్టినప్పుడు అటెండరుగా చేరాడు.

మర్నాడు నాలుగు పొట్లాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే పొడిలా రాలే బూడిదరంగు ముక్కలు. ఆయన గ్లాసులో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించాడు. "జర ఆగుండ్రి సార్. లేస్తయి." కొద్దిసేపట్లో ఆ ముక్కలు మెత్తబడి, విచ్చుకుని, ఆకుపచ్చగా మారాయి. ఇరవై ఏళ్ళనాటి నాచు నా బల్ల మీద లేత వరిమడిలా కనిపించింది. మర్నాడు పిల్లల ముందు ఆయన చేతే నీళ్ళు చల్లించి, నేను పక్కన నిలబడి పుస్తకంలో పేర్లు చెప్పాను. ఆ రోజు నుంచి నేను ఆయన్ను 'మీరు' అనడం మొదలుపెట్టాను.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. ఏ చెట్టు పక్కనుంచి వెళ్ళినా అరచేయి బెరడుకు ఆనించి వెళ్ళేవాడు. దేని ఎత్తయినా మోకుల్లోనే చెప్పేవాడు. నిజాంసాగర్ కట్ట చూపించి "ఎంత ఎత్తుంటుంది పెద్దాయనా?" అంటే కళ్ళు చికిలించి మోకులు లెక్కపెట్టేవాడు. కొత్తగా నాటిన మొక్కల్ని చూసి ఎవరైనా మురిసిపోతే ఆయనకు నచ్చేది కాదు. "చెట్టు పెట్టుడు సులువే సార్. గా చెట్టు మీద పాచి రావాల్నంటె మూడు తరాలు గావాలె" అనేవాడు.

వానాకాలంలో మంజీర ఒడ్డు బండల దగ్గరికి నన్ను తీసుకెళ్ళేవాడు. బండ మీద తామరమచ్చలా అంటుకున్న తెల్లటి లైకెన్‌ను చూపించి, "నా పెండ్లినాడు గిది నా బొటనవేలి గోరంత ఉండె. ఇగో, ఇప్పుడు జూడుండ్రి" అని బొటనవేలు పక్కన పెట్టేవాడు. అది గోరును దాటి అర అంగుళం పెరిగి ఉండేది. అంతే. ఈలోపు ఆయనకు నలుగురు పిల్లలు పుట్టారు, ఇద్దరు పోయారు.

ఆ అడవి గురించి చెప్పమంటే గొంతు తగ్గించి చెప్పేవాడు. అక్కడ వాన ఆగిపోయాక కూడా రెండురోజులు చెట్ల కింద చినుకులు పడేవట. కొమ్మల మీది నాచు తాగిన నీళ్ళను మెల్లమెల్లగా విడిచేదట. మంచు పడి గడ్డి దొరకని రోజుల్లో కస్తూరి జింకలు విరిగిపడిన కొమ్మల గడ్డం పువ్వు తిని బతికేవట. పిట్టలు దానితో గూళ్ళలో మెత్త వేసుకునేవట. "చెవి పువ్వు అని ఒకటుంటది సార్, మన చెవంత. గది వయసు చెట్టు మీదికి రానే రాదు. చెట్టు తోలు మెత్తబడి, పగిలి, వాన నీళ్ళు నిలవాలె. అప్పుడొస్తది. అది రాలి కింద పడితె నేలకు బలం. చెట్టు దానికి జాగ ఇస్తది, అది చెట్టుకు ఎరువిస్తది. ఒకర్నొకరు అడుగరు."

లైకెన్లు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయని నేను ఎమ్మెస్సీలో మూడు పేజీలు రాశాను. ఆ మూడు పేజీల్లోనూ ఇంత లేదు.

ఆయన భార్య మాత్రం రేకుపెట్టెను తిట్టిపోసేది. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా అవ్వ చాయ్ ఇస్తూ అదే మాట. "నాకు సవతి సారూ గా పెట్టె. నాకు జరమొస్తె లేవడు. వానొస్తె ఉరికొచ్చి గా పెట్టె మీద గొంగడి కప్పుతడు." ఆయన తలవంచుకుని నవ్వేవాడు.

వాళ్ళది పెంకుటిల్లు. ఒక ఏడు ముసురు పట్టి ఇల్లంతా కారింది. పెట్టెలో కొన్ని పొట్లాలు తడిసి బూజు పట్టాయి. ఆయన ముఖం చూడలేక నేనే అన్నాను, "పెద్దాయనా, పెట్టె తెచ్చి ల్యాబు గదిలో పెట్టండి. అక్కడ కారదు. నేను చూసుకుంటాను." ఆయన రెండురోజులు ఆలోచించాడు. మూడోనాడు సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు. పెట్టె తుప్పుపట్టి అడుగు ఊడిపోతుంటే, పొట్లాలన్నీ తీసి ఒక అట్టపెట్టెలో వరుసగా పేర్చి, ల్యాబు మూలన పెట్టాం.

మూడేళ్ళు అక్కడే క్షేమంగా ఉన్నాయి.

ఆ తర్వాత ఒక ఏడు తనిఖీ వస్తుందన్నారు. గదులన్నీ శుభ్రం చేయాలని, పనికిరాని సామాను జాబితా రాసి తీసేయాలని ప్రిన్సిపాల్ ఉత్తరువు. సరిగ్గా అప్పుడే మా ఆవిడకు నొప్పులు వస్తున్నాయని మా ఊరి నుంచి టెలిగ్రాం వచ్చింది. జుక్కల్‌లో తన అక్క చనిపోతే పెద్దాయన ముందురోజే అక్కడికి వెళ్ళాడు. నేను సంచీ తీసుకుని బస్టాండుకు పరుగెడుతుంటే ఆఫీసు గుమస్తా సైకిలు మీద వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. "సార్, మీ ల్యాబుది. దస్తఖత్ పెట్టిపోండ్రి." పగిలిన సీసాలు, ఎలుకలు కొట్టిన రికార్డులు, విరిగిన స్టూళ్ళు. చివర 'పాత కాగితం పొట్లాలు, అట్టపెట్టె ఒకటి' అని ఉందట. నేను చివరిదాకా చదవలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి సంతకం చేశాను.

కొడుకు పుట్టిన సంతోషంతో పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాను. స్వీటు పొట్లం పట్టుకుని ల్యాబులోకి వెళితే మూల ఖాళీగా ఉంది. కాలేజీ వెనక సామాను తగలబెట్టిన నల్లటి మచ్చ ఉంది. పెద్దాయన అప్పటికే జుక్కల్ నుంచి వచ్చి పనిలో చేరాడు. బల్లలు తుడుస్తున్నాడు.

"పెద్దాయనా..." అన్నాను. "సంతకం నాది."

"తెల్సు సార్. కాయితం నేను జూసిన. మీ దస్తఖత్ నాకు ఎర్కనే."

బల్ల తుడవడం పూర్తి చేశాడు. బట్ట పిండి ఆరేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతిలోని స్వీటు పొట్లం తనే తీసుకుని విప్పి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"కొడుకా సార్? మంచిది. సల్లగుండాలె." చేయి తుడుచుకుని అన్నాడు. "మీరు ఫికర్ జేయకుండ్రి. చెట్లున్నయి గద. చెట్లున్నంక పొట్లాలు మల్ల గట్టుకోవచ్చు. నేను గాకపోతె ఇంకొకడు ఎక్కుతడు."

ఆ మాటతో నన్ను క్షమించాడని అనుకున్నాను. కానీ ఆ తర్వాత ఆయన నా క్లాసుకు గ్లాసుతో నీళ్ళు తేలేదు. ఏ చెట్టు బొమ్మ తప్పు గీసినా "సార్, ఓ మాట" అనలేదు. మామూలు అటెండరులా గంట కొట్టి, బోర్డు తుడిచి వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళకు వయసైపోయి దిగిపోయాడు.

ఇంకొన్నేళ్ళకు ఒక వేసవిలో లెక్చరర్లకు ఉత్తరాదిన శిక్షణ పెట్టారు. పేరు ఇచ్చిందే ఆ అడవి కోసం. బయల్దేరే ముందు ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికే మంచాన ఉన్నాడు, దగ్గు. నేను వెళ్ళే చోటు చెప్పగానే లేచి కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ముఖంలో పాత వెలుగు చూశాను. బస్సు ఎక్కడ దిగాలో, వాగు ఎక్కడ దాటాలో, చెక్కలతో కట్టిన గుడి దగ్గర ఏ చేతివైపు తిరగాలో చెప్పాడు. "ఒకటో చెట్టు వాగు పక్కనే ఉంటది సార్. బిళ్ళ ఉంటది, జూడుండ్రి. చెయ్యి పెట్టి రాండ్రి చాలు."

శిక్షణ అయ్యాక ఒక్కణ్ణే వెళ్ళాను. ఆయన చెప్పిన బస్సు, ఆయన చెప్పిన గుడి, వాగు, అన్నీ చెప్పినచోటే ఉన్నాయి. వాగు దాటి పైకి ఎక్కితే అడవి లేదు. కొండ చరియనిండా ఎండ. తెల్లబడిన మొద్దులు. వాటి మధ్య గతుకుల మట్టిరోడ్డు. ఆకాశం అంత విశాలంగా కనిపిస్తే భయమేసింది. మేకలు కాస్తున్న ముసలామెను నాకొచ్చిన హిందీలో అడిగితే, "రోడ్డు వచ్చింది, చెట్లు వెళ్ళిపోయాయి" అంది. వాగు కూడా వేసవిలో ఇదివరకటిలా పారదట. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఒక పెద్ద మొద్దు మీద చిన్నచిన్న గిన్నెల్లాంటి లైకెన్ ఉంది. కొన్నింటికి అంచులు ఎర్రగా, కుంకుమ బొట్టు పెట్టినట్టు ఉన్నాయి. ముద్దొచ్చి, ఒక ముక్క గీకి చేతిరుమాల్లో కట్టుకున్నాను.

బాన్సువాడ వచ్చేదాకా బస్సుల్లో, రైళ్ళలో ఒకటే ఆలోచన. చివరికి నిశ్చయించుకున్నాను.

నేను వెళ్ళేసరికి అవ్వ ఆయన్ను లేపింది. "ఏందయ్యా, సారొచ్చిండు లే. నీ అడివికెల్లి వచ్చిండు."

"ఉన్నయా సార్?"

"ఉన్నాయి పెద్దాయనా. అన్నీ ఉన్నాయి. ఒకటో చెట్టుకు చెయ్యి పెట్టి వచ్చాను."

ఆయన కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. నేను రుమాలు విప్పి ఆయన చేతిలో పెట్టాను. "మీకోసం తెచ్చాను."

అవ్వను నీళ్ళు అడిగాడు. ఎన్నేళ్ళ తర్వాతో, మళ్ళీ వేళ్ళు ముంచి చిలకరించాడు. గిన్నెలు మెత్తబడి విచ్చుకున్నాయి. ఎరుపు మెరిసింది. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. వాసన చూశాడు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు.

"మొద్దు మీద తీసిన్రా సార్?"

నేను నీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"గిది నిలబడ్డ చెట్టు మీద రాదు. చెట్టు గొట్టేసినంక, మొద్దు మెత్తబడితె వస్తది. గింత పెరగాల్నంటె ఎనిమిదేండ్లన్న పడుతది."

ఎనిమిదేళ్ళు. నా మనసు వద్దన్నా లెక్కేసింది. పొట్లాలు కాలిపోయి అప్పటికి అయిదేళ్ళు. ఆయన నన్ను ఓదారుస్తూ "చెట్లున్నయి గద" అన్న రోజున చెట్లు లేవు. ఆ అడవిలో మిగిలిందల్లా మా ల్యాబు మూలన అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని కాల్చమని నేను సంతకం పెట్టాను.

ఆ లెక్క ఆయన నాకన్నా ముందే వేసి ఉంటాడు. అవ్వ గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనే అన్నాడు.

"రేపు కాయితం పట్టుకొని రాండ్రి సార్. నాకు యాదున్నది చెప్త. మీరు రాయుండ్రి."

మర్నాటి నుంచి రోజూ కాలేజీ కాగానే వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కో చెట్టే ఎక్కేవాడు. చేతులు నడుము దగ్గర మోకు పట్టుకున్నట్టు బిగుసుకునేవి. దుప్పటి కింద పాదాలు కదిలేవి. మొదట్లో ఉత్తరం దిక్కు పాచి మూడు వేళ్ళ మందం. ఒక మోకు ఎత్తున పాచి పలుచన. మూడో మోకు దగ్గర చెవి పువ్వు, రెండు చేతులకు నిండా. తొర్రలో ఉడుత. పైన ఎండిన కొమ్మకు గడ్డం పువ్వు, జానెడున్నర. అన్నీ చెప్పి, మళ్ళీ ఒక్కో మోకూ కిందికి దిగేవాడు. తొందరపడి "తర్వాతి చెట్టు?" అంటే ఒప్పుకునేవాడు కాదు. "దిగకుంట ఇంకో చెట్టుకు ఎట్ల పోత సార్?"

ఒక్కో చెట్టుకు రెండు రోజులు, మూడు రోజులు పట్టేది. దగ్గు వచ్చిన రోజు ఏమీ సాగేది కాదు. తొమ్మిది చెట్లు రాశాను. పదో చెట్టు ఎక్కుతుండగా వచ్చిన దగ్గు తెర ఆగలేదు. అవ్వ నన్ను పంపించేసింది. "రేపు చెప్తడు సారూ. ఇగ పోండ్రి."

ఆ మర్నాడే నా బదిలీ ఉత్తరువు వచ్చింది, మా జిల్లాకు. ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నది. సామాను సర్దుకోవడం, లారీ మాట్లాడటం, పిల్లవాడి బడి. వెళ్ళేముందు అయిదు నిమిషాలు ఆయన దగ్గర నిలబడ్డాను. దసరా సెలవులకు వచ్చి మిగతావి రాసుకుంటానన్నాను. "రాండ్రి సార్. నేనెటు పోత?" అన్నాడు. ఆ దసరాకు వెళ్ళలేదు. మరుసటి దసరాకూ వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి ఏం అడ్డం వచ్చిందో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా గుర్తు రావడం లేదు.

ఇంటికి చేరగానే బీరువాలో నుంచి ఆ నోటుబుక్కు తీశాను. తొమ్మిది చెట్లు పూర్తిగా ఉన్నాయి. పదో చెట్టు దగ్గర నా చేతిరాతలో ఇలా ఉంది: 'రెండో మోకు ఎత్తు. దక్షిణం దిక్కున'.

అంతే. దక్షిణం దిక్కున ఏముండేదో నాకు తెలియదు.